ముందు ఏది చెప్పాలి? కాలక్రమం తప్పిన కథల గురించి

భగవద్గీత మొదలయ్యే సమయానికే భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. యుద్ధరంగంలో సంగతి వేరు, నేను చెబుతున్నది కథ వినిపించే చోటు గురించి. వ్యాస భారతంలో సంజయుడు కురుక్షేత్రం నుంచి హస్తినకు తిరిగి వచ్చి ధృతరాష్ట్రుడికి మొదట చెప్పే యుద్ధవార్త, పదో రోజున భీష్ముడు పడిపోయాడని. ముసలిరాజు కుప్పకూలి, విలపించి, తేరుకుని, అదెలా జరిగిందో మొదటి నుంచీ చెప్పమంటాడు. అప్పుడు సంజయుడు పది రోజులు వెనక్కి వెళతాడు. ‘ధర్మక్షేత్రే కురుక్షేత్రే’ శ్లోకం చివర రాజు ‘కిమకుర్వత’, ఏం చేశారు, అని భూతకాలంలో అడగడానికి కారణం అదే. జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది. టీవీ సీరియళ్లు మనకు అలవాటు చేసిన దృశ్యంలో సంజయుడు రాజు పక్కన కూర్చుని, జరుగుతున్నది జరుగుతున్నట్టే చెబుతుంటాడు. మూలంలో కథనం ఇంతకంటే చాలా తెలివైనది.

ద్రోణ పర్వంలోనూ ఇదే పద్ధతి. కర్ణ, శల్య పర్వాల్లోనూ ఇదే. సేనాపతి పోయాడన్న వార్త ముందు వస్తుంది, పోయిన తీరు తర్వాత వస్తుంది. ఉత్కంఠ కావాలంటే ఫలితం దాచిపెట్టాలని కథలు రాయడం నేర్పేవాళ్లు తరచూ చెబుతారు. భారతం నాలుగు పర్వాల పాటు ఆ సలహాను పక్కన పెట్టేసింది. భీష్ముడు నిలుస్తాడా, కూలుతాడా అన్న ప్రశ్నను మొదటి అధ్యాయాల్లోనే చంపేసి, దాని చోట ఇంకో ప్రశ్నను పుట్టించింది: తాను కోరుకుంటే తప్ప చావు లేనివాణ్ని ఎవరు, ఏ ఉపాయంతో, ఎవరిని అడ్డం పెట్టుకుని పడగొట్టారు? మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. రెండోదానికి జవాబు చెప్పాలంటే శిఖండి పూర్వకథ కావాలి, తనను చంపే మార్గం భీష్ముడే పాండవులకు చెప్పిన రాత్రి కావాలి, తాత మీద బాణం వేయడానికి అర్జునుడు పడిన తటపటాయింపు కావాలి.

కాలక్రమాన్ని చెదరగొట్టి కథ చెప్పడంలో అసలు పని ఇదేనని నా అభిప్రాయం. సంఘటనల వరుస మార్చినప్పుడు పాఠకుడి మనసులోని ప్రశ్న మారాలి. ప్రశ్న మారకుండా వరుస ఒక్కటే మారితే అది అలంకారం. ఎక్కువసార్లు తలనొప్పి కూడా.

జరిగిన వరుస, చెప్పిన వరుస

ఏ కథకైనా రెండు వరుసలుంటాయి. జరిగిన వరుస ఒకటి, చెప్పిన వరుస ఇంకొకటి. సుమారు వందేళ్ల కిందట రష్యన్ రూపవాద విమర్శకులు వీటిని ఫాబులా, స్యుజెట్ అన్నారు. మనకు కథ, కథనం అన్న జంట ఉంది కాబట్టి ఆ పేర్లతో పెద్దగా పని లేదు. 1972లో ఫ్రెంచి సాహిత్య సిద్ధాంతకర్త జెరార్ జెనెట్ ఈ రెండు వరుసల మధ్య తేడాను మూడు వైపుల నుంచి చూశాడు. ఏది ముందు, ఏది వెనక అన్నది మొదటిది. ఎంత కాలానికి ఎన్ని పేజీలు ఇచ్చారన్నది రెండోది. ఒకసారి జరిగినదాన్ని ఎన్నిసార్లు చెప్పారన్నది మూడోది.

కొత్తగా రాసేవాళ్లు మొదటిదాన్నే పట్టుకుని వేలాడతారు. నిజానికి మిగిలిన రెండిటికీ బలం ఎక్కువ. విరాటుడి కొలువులో గడిచిన ఏడాది అంతా భారతంలో ఒక పర్వం. ఒక రోజు కూడా నిండని శల్యుడి సేనాపత్యం, దాని వెంట వచ్చిన దుర్యోధనుడి పతనం కలిసి ఇంకో పర్వం. కాలం అక్కడ గడియారాన్ని బట్టి నడవలేదు, బరువును బట్టి నడిచింది. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ నవల మొత్తం ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి జీవితంలోని ఒక్క రోజు మీద నిలబడింది. ఆ రోజులోకి అతని గతమంతా తలపుల రూపంలో వచ్చి చేరుతుంది. వర్తమానం సన్నగా, గతం మందంగా ఉండే ఈ కొలత కుదిరితే వెనక్కీ ముందుకీ ఎన్నిసార్లు వెళ్లినా పాఠకుడు దారి తప్పడు, ఎందుకంటే తిరిగి రావాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది.

సిద్ధాంతం ఇంతవరకు చాలు. ఒక కథను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూద్దాం.

నాలుగు సంఘటనలు

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేల మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు చుట్టూ ఒక కుటుంబాన్ని కల్పిద్దాం. ఇరవై ఏళ్ల యువకుడు గీత కార్మికుడి మోకుతో తనను తాటిచెట్టుకు కట్టుకుని, ఒక చేత్తో తల్లిని, రెండో చేత్తో ఎనిమిదేళ్ల చెల్లెలిని పట్టుకుని ఉన్నాడు. ఇద్దరినీ ఆపలేనని తెలిసిన క్షణంలో చెల్లెలి చెయ్యి వదిలేశాడు. అల లాక్కుపోయిందని అందరికీ చెప్పాడు. ఇది మొదటి సంఘటన. 1985లో అతనికి కూతురు పుట్టింది, ఆ పాపకు చెల్లెలి పేరే పెట్టుకున్నాడు. ఇది రెండోది. 1996లో పదకొండేళ్ల ఆ కూతురు స్నేహితులతో కలిసి కాలువలో ఈత నేర్చుకుంటోందని తెలిసింది. ఎన్నడూ కసురుకోని మనిషి ఆమెను గట్టు మీదే, ఊరంతా చూస్తుండగా కొట్టాడు. ఇది మూడోది. 2010లో, మంచం పట్టిన తల్లి పోయే ముందు కొడుకుతో ఒక మాట అంది: ‘ఆ రోజు నేను చూశానురా.’ ఇది నాలుగోది.

జరిగిన వరుసలోనే చెబితే ఇది రహస్యం మోస్తున్న మనిషి కథ. పాఠకుడు మొదటి పేజీ నుంచి అతని గుట్టులో భాగస్వామి. పేరు పెట్టిన రోజు గుండె కలుక్కుమంటుంది, కూతుర్ని కొట్టిన రోజు కారణం మనకు తెలుసు కాబట్టి కోపం కంటే జాలి ఎక్కువ కలుగుతుంది, తల్లి మాట పిడుగులా పడుతుంది. మంచి కథే. వరుసగా చెప్పడం చేతకానివాళ్లు చేసే పని అన్న అపోహ ఒకటి ఈమధ్య బలపడుతోంది. ముందు దాన్ని వదిలించుకోవాలి. మెజారిటీ కథలకు సూటి వరుసే సరిపోతుంది.

1996తో మొదలుపెడితే కథ కూతురి వైపు నుంచి నడుస్తుంది. నెమ్మదస్తుడైన నాన్న ఎందుకు అలా చేశాడు? ఇప్పుడిది శోధన. చెల్లెలి పేరు ఒక ఆధారం, నానమ్మ మౌనం ఇంకో ఆధారం, ఊళ్లోవాళ్లు ఉప్పెన గురించి చెప్పే మాటలు మరికొన్ని ఆధారాలు. 1977 దృశ్యం జవాబుగా వస్తుంది. ఈ అమరికలో ఒక లోపం ఉంది. జవాబు దొరకగానే కథ అయిపోతుంది. 2010లో తల్లి అన్న మాట తోకలా వేలాడుతుంది. శోధన నడిపించే కథలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది: గతం తాళం, వర్తమానం తలుపు అయిపోయి, తాళం తీశాక లోపల గది ఖాళీగా కనిపిస్తుంది. మన సినిమాల్లో విశ్రాంతి తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్ ఎక్కువగా ఈ రకమే. హీరో మౌనానికి కారణం చెప్పేసి, ఆ తర్వాత కారణం తెలియకపోయినా జరిగే కొట్లాటే జరుగుతుంది.

2010తో మొదలుపెట్టి చూడండి. మొదటి పేరాలోనే తల్లి ‘నేను చూశానురా’ అంటుంది. ఏం చూసిందో చెప్పదు. అక్కడ ఆపి 1985కు వెళతాం. బారసాల రోజు, నిండు ఇంట్లో, కొడుకు ఆ పేరు పలకగానే చుట్టాలంతా కళ్లు తుడుచుకుంటారు. పాఠకుడు మాత్రం కొడుకును చూడడు, తల్లి మొహం చూస్తాడు. 1996లో కాలువ గట్టు మీద దెబ్బలు పడుతుంటే ముసలమ్మ మనవరాలికి అడ్డం వెళ్లి నిలబడుతుంది, కొడుకును ఒక్క మాట కూడా అనదు. ఎందుకు అనలేదన్నదే ఇప్పుడు దృశ్యానికి కేంద్రం. ముప్పై మూడేళ్లు ఈమె ఏం తెలిసి, ఈ కొడుకు పక్కన ఎలా బతికింది? చివరికి 1977కు వెళతాం. ఒక్క సంఘటనా మారలేదు. రాసిన వాక్యాలు కూడా చాలావరకు అవే ఉండవచ్చు. కానీ కథానాయకుడు మారిపోయాడు. కొడుకు కథ తల్లి కథ అయింది.

నేనైతే ఈ మూడో అమరికే ఎంచుకుంటాను. అది ఎక్కువ తిరగేసి ఉందని కాదు. నాలుగు దృశ్యాల్లో దేనికీ తోకలా వేలాడే గతి పట్టలేదని.

ఇక ఒకేదాన్ని పలుమార్లు చెప్పడం. ఉప్పెన రోజును ఒక్కసారే చెప్పాలన్న నియమం లేదు. కొడుకు ఊరికి చెప్పిన కథగా ఒకసారి రావచ్చు: అల వచ్చింది, పిల్లను లాక్కుపోయింది. కూతురు బడిలో విన్న కథగా రెండోసారి రావచ్చు, అప్పటికి అందులో కొంత వీరత్వం కూడా చేరి ఉంటుంది, తండ్రి అల వెంట దూకబోయాడని. మూడోసారి తల్లి కళ్లతో. అప్పుడు వేళ్లు విడిపోవడం ఎలా కనిపించిందో రాయాలి. మూడుసార్లూ ఒకే తాటిచెట్టు, ఒకే మోకు, ఒకే గాలి. తేడా ఒక్క చెయ్యి దగ్గరే. మారనివి ఎంత గట్టిగా నిలబడితే మారినది అంత స్పష్టంగా కనిపిస్తుంది. మళ్లీ చెప్పిన ప్రతిసారీ అన్నీ మార్చేస్తే పాఠకుడికి పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఎవరికి ఎప్పుడు తెలియాలి

కర్ణుడు కుంతి కొడుకని పాఠకుడికి ఆది పర్వంలోనే తెలుసు. కర్ణుడికి కృష్ణుడు చెప్పేది ఉద్యోగ పర్వంలో. ధర్మరాజుకు తెలిసేది యుద్ధం ముగిశాక, పోయినవాళ్లకు తిలోదకాలు వదిలేటప్పుడు, కుంతి నోటితో. వ్యాసుడు దీన్ని పాఠకుడి దగ్గర కూడా స్త్రీ పర్వం దాకా దాచి ఉంటే మంచి మలుపు దొరికేది. దానికి చెల్లించే మూల్యం ఏమిటో చూడండి. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణార్జునులు ఎదురెదురుగా నిలిచినప్పుడు కుంతి మూర్ఛపోవడం అర్థం లేని సంగతి అయ్యేది. అన్నదమ్ముల మధ్య ప్రతి బాణమూ మామూలు బాణమే అయ్యేది. ఒక్క పూట ఆశ్చర్యం కోసం వందల దృశ్యాల వేదనను వదులుకోవాల్సి వచ్చేది.

రహస్యం దాచాలా, ముందే చెప్పాలా అన్న చోట నా మొగ్గు ముందే చెప్పడం వైపు. ఆశ్చర్యం మొదటిసారి చదివేవాడికే అందుతుంది. తెలిసి చూడటంలో ఉండే బాధ పదోసారి చదివినా తగ్గదు.

దాచడం తప్పనిసరైనప్పుడు దాచే హక్కు ఎవరికుందో చూసుకోవాలి. మన ఉప్పెన కథను కొడుకు ‘నేను’ అంటూ చెబుతున్నాడనుకోండి. తాను చెయ్యి వదిలేశానని అతనికి తెలుసు. పది పేజీలు తన మనసులోని ప్రతి మూలా మనకు చూపించి, ఆ ఒక్క సంగతిని చివరి పేజీ కోసం దాచిపెడితే అది మోసం. పాఠకుడు మోసాన్ని వెంటనే పసిగడతాడు. బయటపడే దారులున్నాయి. అతను ఆ క్షణం దగ్గరికి వచ్చినప్పుడల్లా మాట మార్చే మనిషిగా చూపించి, ఆ తప్పించుకోవడం మన కంట పడేలా రాయవచ్చు. లేదా తెలియని కూతురికి కథ అప్పగించవచ్చు. నిజంగా తెలియనివాళ్లు చెప్పకపోతే దాచినట్టు కాదు.

ఇదే అంశాన్ని పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఎవరూ ఊహించని వైపు లాగాడు. బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ ఆ తర్వాత భూమి మీద నిజంగా జరుగుతుంది. చిక్కుముడులన్నీ పోగుపడ్డాక, మధురలాలస అన్న పసిపాప పూర్వజన్మ జ్ఞానంతో నోరు విప్పి వాటిని విప్పుతుంది. పుట్టీ పుట్టని పాప గతం చెప్పడం, ముందు చెప్పిన కథ వెనక జరగడం! కాలంతో ఆడుకోవడం మనకు దిగుమతి సరుకు అనుకునేవాళ్లు ఆ ప్రబంధాన్ని ఒకసారి తిరగేయాలి. ఓపిక కావాలి, అది వేరే సంగతి.

తెలుగు వాక్యంలో వెనక్కి వెళ్లడం

ఇక్కడిదాకా చెప్పినవి ఏ భాషలో రాసేవాళ్లకైనా వర్తిస్తాయి. వాక్యం దగ్గరికి వచ్చేసరికి మన ఇబ్బందులు మనవే.

ఇంగ్లీషులో భూతకాలానికి వెనక ఉన్న భూతకాలానికి వేరే క్రియారూపం ఉంది. ఆ రూపంలో రెండు వాక్యాలు రాస్తే చాలు, పాఠకుడు గతంలోకి దిగిపోతాడు. తెలుగులో ‘వచ్చి ఉన్నాడు’, ‘చెప్పి ఉండింది’ లాంటివి ఉన్నా వరుసగా నాలుగు వాక్యాలు అలా రాస్తే అనువాదం చదువుతున్నట్టుంటుంది. మనకు అక్కరకొచ్చేది ‘వచ్చేవాడు, ఉండేది, పాడేవాళ్లు’ అన్న అలవాటు రూపం. ‘నాన్న వారానికోసారి కాలువ దాకా వెళ్లి, గట్టు దిగకుండానే తిరిగి వచ్చేవాడు’ అన్న ఒక్క వాక్యంతో ఒక కాలం మొత్తం పరుచుకుంటుంది. అలాంటివి రెండు మూడు రాసి, ‘ఒకరోజు’ అని మామూలు భూతకాలంలోకి దిగితే అతుకు కనబడదు. తిరిగి వచ్చేటప్పుడు ‘ఇప్పుడు’ అన్న మాటా, చేతికి తగిలే వస్తువు ఒకటీ ఉంటే సరి.

రెండో సంగతి, మన క్త్వార్థకాలు. ‘లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, బస్సెక్కి’ అంటూ గొలుసు కట్టే ఈ రూపానికి స్వభావమే వరుస. ఇవి నిండిన వాక్యం కాలాన్ని ముందుకే తోస్తుంది. గతంలోకి జారాల్సిన పేరాలో ఇవి ఎక్కువైతే వాక్యం ఒక దిక్కుకు, కథ ఇంకో దిక్కుకు లాగుతాయి. అలాంటి చోట చిన్న వాక్యాలు మేలు, లేదా ‘చెల్లెలు వేసుకున్న గౌను’, ‘నీళ్లు తీసుకుపోయిన వీధి’ వంటి విశేషణ రూపాలు మేలు. గతమంతా ఒక నామవాచకం ముందు ఇమిడిపోతుంది, ప్రత్యేకంగా వెనక్కి వెళ్లే శ్రమ ఉండదు.

ముందుకు దూకడానికైతే మన భాష వరమే ఇచ్చింది. ‘పందొమ్మిదేళ్ల తర్వాత ఇదే కాలువ గట్టు మీద కూతురి మీద చెయ్యెత్తబోయే ఆ కుర్రాడు, అప్పటికి మోకు ముడి బిగిస్తున్నాడు.’ ఆ ‘బోయే’ చేసిన పని చూడండి, రెండు కాలాలు ఒకే ఊపిరిలో వచ్చేశాయి. అయితే రుచి బాగుందని పేజీకొకటి వాడితే జోస్యం చెప్పేవాడి ధోరణి వచ్చేస్తుంది. కథ మొత్తం మీద ఒకటి, మరీ అయితే రెండు.

వర్తమాన రూపంలో గతం చెప్పడం మనకు హరికథల నుంచీ అలవాటే. ‘రాముడు విల్లు ఎత్తుతాడు, సభ ఊపిరి బిగబడుతుంది.’ కాబట్టి ‘ఇప్పటి కథ వర్తమానంలో, గతం భూతకాలంలో’ అన్న విభజన మీదే ఆధారపడితే తెలుగు పాఠకుడికి అది గుర్తుగా పనిచేయకపోవచ్చు. అక్షరాలను వాల్చి అచ్చువేయడం కూడా అంతే. 1929లో వచ్చిన ఒక నవలలో కాలాలు కలగలిసిపోయే మొదటి భాగాన్ని వేర్వేరు రంగుల సిరాల్లో అచ్చు వేయించాలని అమెరికన్ రచయిత విలియం ఫాక్‌నర్ కోరుకున్నాడు. అప్పటికి అది కుదరక వాలు అక్షరాలతో సరిపెట్టుకున్నాడు. తెలుగు లిపి గుండ్రంగా ఉంటుంది, వాలిస్తే తేడా సరిగా తెలియదు, పైగా అందం చెడుతుంది. ఒక ఖాళీ గీత, ఒక నక్షత్రం గుర్తు అంతకంటే బాగా పనిచేస్తాయి.

మరి సంవత్సరం ఏదో ఎలా చెప్పాలి? దృశ్యం పైన తేదీ వేయడం తప్పేమీ కాదు, నవలల్లో తరచూ అదే మర్యాద. కథలో మాత్రం అది సర్కారు కాగితంలా కనిపిస్తుంది. మన దగ్గర అంతకంటే మంచి గడియారం ఒకటి ఉంది, వరసలు. ఒకే మనిషి 1977లో ‘అమ్మ’, 1985లో కోడలికి ‘అత్తయ్య’, 1996లో మనవరాలికి ‘నానమ్మ’. కొడుకును ‘అబ్బాయ్’ అని పిలిచే ఊరు తర్వాత ‘బాబాయ్’ అని పిలుస్తుంది. సంభాషణ మొదటి మాటలోనే ఈ పిలుపు పడితే దశాబ్దం తెలిసిపోతుంది. తర్వాతి స్థానం వస్తువులది. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన రోజులు, ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే నిర్మానుష్యమయ్యే వీధులు, ఎస్టీడీ బూత్ ముందు వరుసలో నిలబడటం, పావలాకు వచ్చే పిప్పరమెంట్లు. వీటిలో ఒక్కటి చాలు. మూడు పెడితే ప్రదర్శనశాల అవుతుంది. పల్లెల్లో పెద్దవాళ్లు పుట్టిన ఏళ్లను తుపానులతో, కరువులతో లెక్కవేస్తారు. దివిసీమ కథలో ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అన్న మాటలే ఒక క్యాలెండరు.

అతుకు

కాలం మారే చోట ఉండే అతుకు గురించి భారతమే ఇంకో పాఠం చెబుతుంది, ఈసారి కథలో కాదు, అది తెలుగులోకి వచ్చిన తీరులో. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్య పర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని వదిలేసి విరాట పర్వంతో మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వెనక్కి వచ్చి మధ్య ఖాళీ పూరించాడు. పూరించేటప్పుడు నన్నయ ధోరణిలో మొదలై తిక్కన ధోరణిలోకి మెల్లగా మారాడని విమర్శకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. తన భాగాన్ని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు.

రెండు కాలాల మధ్య వంతెన వేసే పేరాకు ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. బయలుదేరిన కాలపు గొంతుతో మొదలై, చేరాల్సిన కాలపు గొంతుతో ముగియాలి. మంచం పట్టిన తల్లి గదిలో ఫ్యాను చప్పుడుతో మొదలైన పేరా, బారసాల ఇంటి హడావుడితో ముగియవచ్చు. ఎక్కడ దాటామో పాఠకుడికి వేలితో చూపించడం కష్టం కావాలి, దాటామన్న సంగతి మాత్రం తెలియాలి. ‘ఆమె ఆలోచనలు గతంలోకి పరుగులు తీశాయి’ అన్న వాక్యం రాయకుండా ఉండగలిగితే సగం పని అయినట్టే.

ఒకే సమయంలో రెండుచోట్ల జరిగేవాటికి పాత కథకులు ‘ఇది ఇలా ఉండగా’ అని ఊరుకునేవారు. దాన్ని చూసి నవ్వాల్సిన పని లేదు. ఇప్పటికీ అంత చవకైన, అంత స్పష్టమైన వంతెన ఇంకొకటి లేదు.

వారపత్రికల సీరియళ్ల కాలంలో వరుస తప్పిన నవలలు రాయడం కష్టమే. పాఠకుడు ఒక వారం సంచిక తప్పిపోతే మళ్లీ అందుకోవడానికి ‘జరిగిన కథ’ అన్న పేరాయే ఆధారం. కాలాలు కలిసిపోయిన నవలకు ఆ పేరా రాయడం ఎవరి వల్లా కాదు. ఇప్పుడు ఫోనులో నాలుగు విడతలుగా, మధ్యలో మూడు సందేశాలకు జవాబిస్తూ చదివేవాడి పరిస్థితి అంతకంటే మెరుగేమీ కాదు. పది పేజీల కథలో రెండు కాలాలకు మించి పెట్టాలనిపిస్తే, ఆ మూడోదాన్ని ఎవరి కోసం పెడుతున్నామో ఆలోచించాలి. ఉప్పెన కథలో నాలుగు కాలాలున్నాయి, కాబట్టి అది పెద్ద కథ, లేదా చిన్న నవల. లేదంటే 1985ను ఒక పేరాకు కుదించి 1996లో కలిపేయాలి.

పనిలో దిగేముందు కథను జరిగిన వరుసలో ఒకసారి రాసుకోవడం తప్పదు. పూర్తిగా కాకపోయినా రెండు పేజీల్లో. పక్కన వయసుల పట్టిక ఉండాలి. 1977లో తల్లికి నలభై అయితే 2010లో డెబ్బై మూడు. కూతురికి ఆనాటికి ఇరవై ఐదు, మరి మరణశయ్య దగ్గర ఆమె ఉందా, లేదా? ఇలాంటి ప్రశ్నలు పట్టికలోనే పైకి తేలతాయి. ఆ తర్వాత ఒక్కో దృశ్యం ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరచుకోవాలి. చీటీ వెనక రెండు సంగతులు రాసుకోవాలి: ఈ దృశ్యం అయ్యేసరికి పాఠకుడికి కొత్తగా ఏం తెలిసింది, ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది. రెండో గడి ఖాళీగా ఉన్న చీటీ ఎక్కడ కనిపించినా అక్కడ కాలం మార్చకూడదు. పాఠకుడు ఏమీ అడగని చోట మనం అతన్ని ఇంకో దశాబ్దంలోకి ఈడ్చుకుపోతున్నామన్నమాట.

రాయడం పూర్తయ్యాక ఇంకో పని ఉంది. 1996కు చెందిన భాగాలన్నీ విడిగా తీసి వరుసగా చదవాలి. 2010వి విడిగా. విడిగా చదివినప్పుడు ఏ కాలమైనా నిస్సారంగా ఉంటే కలిపినప్పుడూ అది నిస్సారమే. పక్కదాని వెలుగులో కాసేపు కనబడకుండా ఉంటుంది, అంతే.

చివరికి ఎవరి చేతనైనా చదివించాలి. ‘అర్థమైందా’ అని అడిగితే మర్యాదకు అర్థమైందంటారు. నాలుగో పేజీ దగ్గర ఆపి ‘ఇప్పుడు నీకు ఏం తెలుసుకోవాలని ఉంది’ అని అడగాలి. ‘ఇది ఏ సంవత్సరం’ అంటే పిలుపులూ వస్తువులూ సరిగా పడలేదు. ‘కొడుకు దొరికిపోతాడా’ అంటే 2010తో మొదలుపెట్టిన ఫలితం దక్కలేదు, కథ ఇంకా కొడుకు చుట్టూనే తిరుగుతోంది. ‘ఆ ముసలావిడ ఏం చూసింది’ అంటే 1977ను ఇంకొన్ని పేజీలు ఆపి ఉంచవచ్చు.